మహామంత్రి మాదన్న

చార్మినారు నుండి దక్షిణదిశగా శాలిబండ వైపు సాగే దారిలో, మొఘల్‌పురాను ఆనుకొని హరిబౌలి అనే పేట ఉన్నది. ఆ పేటలో మహంకాళి అమ్మవారి ఆలయం ఒకటి ఉన్నది. దేవాలయాన్ని అందులోని దేవత పేరుతోనో, వెలసిన ఊరి పేరుతోనో పిలవడం లోకంలోని వాడుక. హరిబౌలి ఆలయాన్ని మాత్రం జంటనగరాల ప్రజలు అక్కన్న మాదన్న గుడి అంటారు. ఆ పేరు కలవారు దేవతలు కారు, యోగులు కారు. వారు గోల్కొండ రాజ్యాన్ని నడిపిన ఇద్దరు సోదరులు, ప్రభుత్వోద్యోగులు. ప్రధానమంత్రి పదవి మాదన్నది. అయినప్పటికీ జనం నోట అక్కన్న పేరే ముందు వస్తుంది. పదవుల క్రమాన్ని ప్రజల నాలుక అంతగా పాటించదు.

మాదన్న ఓరుగల్లు సీమలోని హనుమకొండకు చెందిన నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ఇంటిపేరు పింగళివారు. తండ్రి భానూజీ పంతులు. లెక్కలు వ్రాయడం, దస్త్రాలు నిర్వహించడం ఆ రోజులలో నియోగులకు కులవృత్తి వంటిది. గ్రామ కరణం మొదలుకొని సుల్తాను ఖజానా వరకు భూమిశిస్తు లెక్కలన్నీ వారి చేతిమీదుగా నడిచేవి. రాజభాష పారసీకమే అయినా, పన్ను కట్టే రైతు మాట్లాడేది తెలుగు. ఈ రెండింటికీ నడుమ వారధిగా నిలువగలవానికి గోల్కొండ కొలువులో ఎదగడానికి అవకాశం ఉండేది. మాదన్న ఆ అవకాశాన్ని అందిపుచ్చుకొన్నాడు.

కుతుబ్‌షాహీలకు తెలుగుతో ఉన్న అనుబంధం మాదన్నతో మొదలైనది కాదు. అంతకు నూరేండ్లకు ముందే ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించారు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆ ప్రభువుకే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను పొన్నెగంటి తెలగనార్యుడు ఆ కాలపు అధికారి అమీన్‌ఖానుకు అంకితం చేశాడు. కావ్యాలలోనే కాక ప్రభుత్వపు ఫర్మానాలలో సైతం పారసీకంతోపాటు తెలుగు చోటు చేసుకొన్నది. మాదన్న ఎదుగుదలకు నేల ఈ విధంగా ముందే సిద్ధమై ఉన్నది.

1672లో అబ్దుల్లా కుతుబ్‌షా మరణించాడు. ఆయనకు కుమారులు లేరు. సింహాసనం కోసం అల్లుళ్ల మధ్య పోటీ ఏర్పడింది. పెద్దల్లుడైన నిజాముద్దీన్ అహ్మదును కాదని, సయ్యద్ ముజఫర్ మొదలైన సర్దారులు చిన్నల్లుడు అబుల్ హసన్‌ను గద్దెనెక్కించారు. ఈయనే తానాషా, తెలుగువారి నోట తానీషా. యౌవనంలో చాలా కాలం సూఫీ గురువు షా రాజు ఆశ్రమంలో గడిపినవాడు. ఆ గురువు సమాధి మందిరం నేటికీ పాతబస్తీలోనే ఉన్నది. రాజ్యం కట్టబెట్టిన సయ్యద్ ముజఫర్ సహజంగానే ప్రధాన పదవిని తన చేతిలో ఉంచుకొన్నాడు. అయితే రాజును చేసినవాడు రాజుకు ఎక్కువ కాలం ఇష్టుడుగా ఉండడం అరుదు. మాదన్న ఆ ముజఫర్ వద్దనే పనిచేస్తున్న ఉద్యోగి. సుల్తాను అతనిని చేరదీశాడు. 1674 నాటికి ముజఫర్ తొలగిపోయి, రాజ్యభారం మాదన్న భుజాల మీదికి వచ్చింది. సూర్యప్రకాశరావు అనే బిరుదం ఆయనకు లభించింది. తన యజమానిని తప్పించి మాదన్న ఆ స్థానాన్ని పొందాడన్న సంగతిని దాచనవసరం లేదు. కొలువులలో జరిగేది అదే. ఆయనకు జరిగినదీ తరువాత అటువంటిదే.

సుమారు పన్నెండేండ్లు ఆయన గోల్కొండ రాజ్యాన్ని నడిపాడు. తన బంధువులను, తనకు నమ్మకమైనవారిని పెక్కు పదవులలో నియమించాడు. మద్రాసు సమీపంలోని పూనమల్లి ప్రాంతాధికారి పొదిలి లింగప్ప ఆయన బంధువే. ఆంగ్లేయ వర్తకులు మద్రాసు నుండి వ్రాసుకొన్న ఉత్తరాలలో ఈ లింగప్పతో తమకు కలిగిన చిక్కులు విస్తారంగా కనిపిస్తాయి. డచ్చివారి పద్దులలోనూ ఈ సోదరుల ప్రస్తావన ఉన్నది. గోల్కొండలో కొంతకాలం పనిచేసిన డేనియల్ హావర్ట్ అనే డచ్చి ఉద్యోగి 1693లో ప్రచురించిన గ్రంథంలో వీరి వృత్తాంతాన్ని చెప్పాడు. పరదేశపు వర్తకులకు వీరంటే ఇష్టం లేదు. రేవుపట్టణాల మీద, పన్నుల మీద పట్టు వదలని మంత్రిని వర్తకులు మెచ్చుకోవడం కష్టమే. అయితే బంధువులకు పదవులిచ్చాడన్న మాట వర్తకుల కోపం వల్ల మాత్రమే పుట్టినది కాదు, అది నిజం. దాని ఫలితంగా పాత సర్దారులలో కడుపుమంట రగిలింది.

ఉత్తరాన మొఘలు చక్రవర్తి ఔరంగజేబు దక్కను రాజ్యాలను మింగడానికి పొంచి ఉన్నాడు. పడమట శివాజీ స్వతంత్ర రాజ్యాన్ని స్థాపించాడు. గోల్కొండ నిలవాలంటే శివాజీతో చెలిమి తప్పదని మాదన్న భావించాడు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చాడు. సుల్తాను ఆయనను గౌరవించి, ధనసహాయానికి, ఫిరంగిదళ సహాయానికి అంగీకరించాడు. ఆ సందర్భంలో మాదన్న శివాజీని తన ఇంటికి విందుకు పిలిచాడని మరాఠా వృత్తాంతాలు చెబుతున్నవి. మాదన్న తల్లి స్వయంగా వంట చేసింది. అన్నదమ్ములిద్దరూ ఎదుట కూర్చుండి అతిథి భోజనాన్ని చూచుకొన్నారు. దక్షిణాపథపు రాజకీయమంతా ఒక తెలుగింటి వంటశాలను దాటి వెళ్లిన రోజు అది. తరువాత శివాజీ శ్రీశైలం వెళ్లి మల్లికార్జునుని సేవించుకొని, దక్షిణాన జింజి మొదలైన దుర్గాలను జయించాడు. గెలిచిన భూములలో గోల్కొండకు పంచుతానన్న భాగం మాత్రం చేరలేదు. పొత్తు వల్ల గోల్కొండకు లభించిన లాభం తక్కువ, ఔరంగజేబు ఆగ్రహం ఎక్కువ. ఫలితం దక్కకపోయినా, ఆనాటి పరిస్థితులలో మాదన్న ఆలోచన సరియైనదే అని నా అభిప్రాయం. మొఘలు సైన్యాన్ని ఒంటరిగా ఎదిరించే శక్తి గోల్కొండకు లేదు.

రాచకార్యాల నడుమ ఆయన దైవకార్యాలను మరువలేదు. అక్కన్న మాదన్నలు హరిబౌలి ప్రాంతంలో నివసించేవారనీ, తమ ఆరాధన కోసం మహంకాళి ఆలయాన్ని నిర్మించుకొన్నారనీ ఆలయ సంప్రదాయం చెబుతున్నది. ప్రతిదినం అమ్మవారిని దర్శించిన తరువాతనే సుమారు పది కిలోమీటర్ల దూరంలోని గోల్కొండ కోటకు బయలుదేరేవారట. నగరానికి దక్షిణాన ఉన్న మహేశ్వరంలో, కోనేటి నడుమ ఒప్పారే శివగంగ రాజరాజేశ్వరాలయం కూడ వీరి పేరుతోనే ముడిపడి ఉన్నది. బెజవాడలో ఇంద్రకీలాద్రి పాదాన ఉన్న గుహాలయాలను అక్కన్న మాదన్న గుహలంటారు. నిజానికి ఆ గుహలు ఈ సోదరులకు దాదాపు వేయి సంవత్సరాలకు పూర్వమే తొలిచినవి. వీరు కనకదుర్గను సేవించడానికి వచ్చినప్పుడు అక్కడ కచేరీ నడిపారన్న జనశ్రుతి వల్ల ఆ పేరు వచ్చింది. తాము కట్టని గుహలకు సైతం తమ పేరు నిలిచిందంటే, ప్రజలు వీరిని ఏ రూపంలో గుర్తుంచుకొన్నారో ఊహించవచ్చు. అమ్మవారి గుడి ఎక్కడ ఉన్నదో, అక్కడ వీరి పేరు ఉన్నది.

సుల్తాను ఈ ఆరాధనలకు అడ్డు చెప్పలేదు సరికదా, కళలను ఆదరించాడు. మచిలీపట్టణం వైపు సంచారానికి వెళ్లిన తానాషా, భాగవతుల ప్రదర్శనను చూచి సంతోషించి, 1678లో కూచిపూడి గ్రామాన్ని ఆ కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చాడని ప్రసిద్ధి. భామాకలాపం ఆడేవారికి నిలువ నీడ దొరికింది ఒక ముసల్మాను ప్రభువు దయవల్లనే.

మాదన్న జీవితంలో ఎంత ఆలోచించినా తేలని ఘట్టం ఒకటి ఉన్నది. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న ఆయనకు మేనల్లుడని ప్రసిద్ధి. మేనమామల పలుకుబడి వల్లనే గోపన్నకు పాల్వంచ పరగణా తహశీలుదారు ఉద్యోగం లభించింది. గోదావరి ఒడ్డున భద్రగిరిపై జీర్ణస్థితిలో ఉన్న శ్రీరాముని చూచి గోపన్న మనసు కరిగింది. వసూలైన శిస్తు సొమ్ముతో ఆలయం కట్టించాడు, స్వామికి నగలు చేయించాడు. ఆ మొత్తం ఆరు లక్షల వరహాలని లోకవాదం. ఖజానాకు చేరవలసిన ధనం గుడిగా మారిందన్న సంగతి కోటకు తెలిసింది. గోపన్నను బంధించి గోల్కొండ చెరసాలలో వేశారు. పన్నెండేండ్లు ఆయన ఆ చీకటిలో ఉన్నాడని సంప్రదాయం.

ఆ పన్నెండు అనే సంఖ్యను అక్షరాలా తీసుకొంటే, మాదన్న ప్రధానిగా ఉన్న కాలంలో అధికభాగం మేనల్లుడు చెరసాలలోనే గడిపాడని చెప్పవలసి ఉంటుంది. ఇప్పుడు గోల్కొండ కోటను చూడబోయేవారికి అక్కన్న మాదన్నల కచేరీ శిథిలాలు, రామదాసు బందీఖానా రెండూ ఆ కోటలోనే కనిపిస్తాయి. బందీఖానా గోడ మీద సీతారామలక్ష్మణుల, హనుమంతుని రూపాలు చెక్కి ఉన్నవి. ఒకచోట మామ రాజ్యపు లెక్కలు సరిచూస్తుండగా, ఆ కోటలోనే మరొకచోట అల్లుడు లెక్క అప్పగించలేని నేరానికి రాముని తలచుకొంటూ కూర్చున్నాడు. మాదన్న ఎందుకు విడిపించలేదు? అమ్మవారిని మ్రొక్కనిదే ఇల్లు కదలని మనిషికి, రాముని గుడి కట్టడం నేరంగా తోచి ఉంటుందా? తోచి ఉండదు. అయితే గుడి గొప్పదే, సొమ్ము మాత్రం ప్రభుత్వానిది. బంధుపక్షపాతి అని అప్పటికే తన మీద నింద మోపుతున్న సర్దారుల ఎదుట, అక్కగారి కుమారుని నేరాన్ని కొట్టివేసి ఉంటే, ఆ ఒక్క పనితోనే మంత్రి పదవి కూలిపోయి ఉండేది. ఇతరుల విషయంలో చుట్టరికం చూచిన మాదన్న, గోపన్న విషయంలో చట్టం చూచాడు. ఆయనకు అది ఎంత బరువైనదో ఏ దస్త్రంలోనూ లేదు.

రామలక్ష్మణులే సేవకుల రూపంలో వచ్చి తానాషాకు సొమ్ము చెల్లించి రసీదు పొందారనీ, ఆ తరువాత గోపన్న విడుదలయ్యాడనీ భక్తులు విశ్వసిస్తారు. చెరసాలలో ఉండగానే పుట్టిన ఆయన కీర్తనలు తెలుగునాట ప్రతి భజనమందిరానికి చేరాయి. శ్రీరామనవమినాడు భద్రాచలంలో జరిగే కల్యాణానికి ప్రభుత్వం పక్షాన ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానాషాతో ఆరంభమైనదని చెబుతారు. నిజాం ప్రభువులు దానిని కొనసాగించారు. నేటికీ ఆ ఆచారం నిలిచి ఉన్నది.

1685 నాటికి ఔరంగజేబు సహనం ముగిసింది. పాలనను బ్రాహ్మణుల చేతికి అప్పగించడం, మరాఠాలకు ధనం పంపడం ఆయన తానాషాపై మోపిన నేరాలలో ముఖ్యమైనవి. బీజాపూరుకు సహాయం పంపుతానని తానాషా వ్రాసిన ఉత్తరం మొఘలుల చేతికి చిక్కింది. చక్రవర్తి కుమారుడు షా ఆలం సైన్యంతో కదిలివచ్చాడు. అతనిని మల్ఖేడు వద్ద నిలిపి ఉంచిన గోల్కొండ సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం, మాదన్నతో పడక శత్రుపక్షంలో చేరిపోయాడు. ఇక హైదరాబాదుకు దారి తెరచినట్లే అయింది. అక్టోబరులో తానాషా నగరాన్ని విడిచి రాత్రికి రాత్రి గోల్కొండ కోటలో తలదాచుకొన్నాడు. ప్రాకారం లేని భాగ్యనగరం కొల్లగొట్టబడింది. సంధి షరతులలో మాదన్న అక్కన్నలను పదవి నుండి తొలగించాలన్నది ఒకటి.

తానాషా వెంటనే అంగీకరించలేదు. ఈనాడు, రేపు అంటూ నెలలు గడిపాడు. నమ్మిన మంత్రిని విడవడం ఆయనకు ఇష్టం లేదు. కానీ కోటలో చిక్కుకొన్న సర్దారులకు, అంతఃపురంలోని అబ్దుల్లా కుతుబ్‌షా వితంతువులకు ఓపిక నశించింది. ఈ ఇద్దరు మనుషులు అడ్డు తొలగితే మొఘలులు వెనుదిరుగుతారని వారు నమ్మారు. 1686 మార్చి నెలలో ఒక రాత్రి, సుల్తాను కొలువు ముగించుకొని ఇంటికి మరలుతున్న అన్నదమ్ములను గోల్కొండ వీధిలో అడ్డగించి నరికివేశారు. వారి ఇండ్లు దోపిడీకి గురియైనవి. బంధువులలో పలువురు ఆ రాత్రే ప్రాణాలు కోల్పోయారు. మాదన్న శిరస్సును మొఘలు శిబిరానికి కానుకగా పంపించారు.

ఆ బలి గోల్కొండను కాపాడలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో బీజాపూరు పతనమైంది. 1687 ఆరంభంలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు. ఎనిమిది నెలలు కోట లొంగలేదు. చివరికి లంచం తిన్న కాపలాదారు తలుపు తెరవగా సెప్టెంబరులో గోల్కొండ మొఘలుల వశమైంది. దౌలతాబాదు కోటలో బందీగా తానాషా శేషజీవితం గడచింది. మంత్రిని చంపినవారికి దక్కిన గడువు ఏడాదిన్నర మాత్రమే.

హరిబౌలిలోని అమ్మవారికి ఏమైనది? కట్టించినవారు హతులైన తరువాత ఆలయం మూతపడి, పూజలు లేక మరుగున పడిపోయినదని ఆలయ సంప్రదాయం. రాజ్యాలు మారాయి. మొఘలు సుబేదారుల కాలం పోయి అసఫ్‌జాహీల కాలం వచ్చింది. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన పిమ్మట, స్థానికులు ఆ గుడిని మరల తెరచి పూజాపునస్కారాలు ప్రారంభించారని పెద్దలు చెబుతారు. అప్పటికి మాదన్న మరణించి 260 సంవత్సరాలు దాటింది. అన్నేండ్ల తరువాత గుడి తలుపులు తెరచినవారు దానికి పాత పేరునే పెట్టుకోవడం గమనింపదగినది. ఆ పేటవాసుల జ్ఞాపకంలో మంత్రుల పేరు చెరగలేదు.

నేడు ఆ ఆలయ వైభవాన్ని చూడాలంటే ఆషాఢమాసంలో బోనాల వేళ వెళ్లాలి. భోజనం అనే మాటే బోనమైనదని అంటారు. కొత్త కుండలో పాలు, బెల్లం కలిపి వండిన అన్నాన్ని పసుపు కుంకుమలతో, వేపరెమ్మలతో అలంకరించి, పైన దీపం వెలిగించి స్త్రీలు తలకెత్తుకొని అమ్మవారికి సమర్పిస్తారు. ఉత్సవం మొదట గోల్కొండ కోటలోని జగదంబ మహంకాళి గుడిలో ఆరంభమవుతుంది. పిదప సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళికి, చివరగా లాల్‌దర్వాజా, హరిబౌలి మొదలైన పాతబస్తీ ఆలయాలకు వంతు వస్తుంది. మాదన్న కొలువు చేసిన కోటలో మొదలై ఆయన గుడి ఉన్న వీధులలో ముగిసే ఈ క్రమాన్ని ఎవరూ ఆయన కోసం ఏర్పరచలేదు. అది అలా కుదిరింది.

ఆదివారం బోనాలు ముగిసిన మరునాడు ఘటాల ఊరేగింపు. ఘటమంటే అమ్మవారి రూపంగా అలంకరించిన కలశం. పాతబస్తీ ఆలయాల ఘటాలు అనేకం ఉన్నా, అక్కన్న మాదన్న గుడి ఘటానికి ఏనుగు అంబారీ మీద కూర్చుండే గౌరవం ఉన్నది. ముందు పోతరాజులు కొరడా ఝళిపిస్తూ చిందులు త్రొక్కుతారు. డప్పులు మోగుతుంటాయి. హరిబౌలిలో బయలుదేరిన ఊరేగింపు శాలిబండ మీదుగా చార్మినారు చేరి, గుల్జార్‌హౌజ్, పత్తర్‌గట్టి దాటి మూసీ వైపు సాగుతుంది. మొహర్రం నెలలో దబీర్‌పురా నుండి వచ్చే బీబీకా ఆలం కూడ ఏనుగు మీదనే చార్మినారును దాటుతుంది. పాతబస్తీవారికి రెండూ తమ ఊరి ఊరేగింపులే.

సాయంకాలానికి ఏనుగు నయాపూల్ చేరుతుంది. అక్కడ ఢిల్లీ దర్వాజా వద్ద ఘటాన్ని దించి, పూజించి మూసీలో సాగనంపుతారు. మరునాటి ఉదయం హరిబౌలిలో గుడి తలుపులు ఎప్పటివలెనే తెరచుకొంటాయి.